కార్డు తప్పు కావచ్చునా?

“మట్టి అనగా నేమి?” అని నా సర్వీసు మొత్తంలో ఒక్క రైతు కూడా నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఎండదెబ్బ తగిలిందేమోనని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేదాన్ని. అయినా మా ల్యాబు బ్లాగులో “తరచుగా అడిగే ప్రశ్నలు” అనే శీర్షిక కింద మొట్టమొదటి ప్రశ్న అదే. దాన్ని టైపు కొట్టింది నేనే. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇట్లాంటి పేజీలు రోజూ రాస్తున్నారు కదా, వాళ్ల కోసం ఈ సంగతి చెప్తున్నాను. నీతులు చెప్పే ఓపిక నాకు లేదు. జరిగింది మాత్రం చెప్తాను.

నంద్యాలలో భూసార పరీక్షలు చేసే ల్యాబులో నేను టెక్నీషియన్ని. రైతులు చేని మట్టి తెచ్చిస్తే అందులో ఏముందో, ఏం తక్కువైందో పరీక్ష చేసి కార్డు మీద రాసిస్తాం. ఆ కార్డు చూసి వాళ్లు ఎరువులు వేసుకుంటారు. బ్లాగు పెట్టింది మా సార్. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, చురుకైనవాడు, చెడ్డవాడేమీ కాదు. కాకపోతే పైవాళ్ల దగ్గర పేరు పోతుందేమోనని ఎప్పుడూ గుండె గుప్పిట్లో పెట్టుకుని ఉండేవాడు. బ్లాగు నిండా సభల ఫోటోలు, శాలువాల ఫోటోలు. ఎవరో పెద్దాఫీసరు అది చూసి, రైతులకు పనికొచ్చే ప్రశ్నలు, జవాబులు కూడా పెట్టమన్నాడట. ఆ పని నా నెత్తిన పడింది. మా నాయన మిషన్ బడిలో తెలుగు అయ్యవారు. ఆయన బెత్తం పుణ్యాన ఆఫీసులో తెలుగు తప్పుల్లేకుండా రాసేది నేనొక్కదాన్నే.

సార్ ఎనిమిది ప్రశ్నల కాగితం చేతికిచ్చాడు. మట్టి అనగా నేమి, భూసారము యొక్క ప్రాముఖ్యత ఏమిటి, పరీక్ష వలన కలుగు లాభములేవి, ఇట్లా సాగింది వరస.

“ఇవి ఎవరు అడిగినారు సార్?” అన్నాను.

“ఎవరూ అడగక్కర్లేదు మేడం. పేజీలో ఉండాలి, అంతే.”

“మన దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేవి వేరే ఉన్నాయి కదా. కార్డు విత్తనం వేసినాక ఎందుకొచ్చిందని అడుగుతారు. అవి రాద్దామా?”

“మన తప్పులు మనమే బోర్డు కట్టుకుంటామా?” అని నవ్వాడు. నేనూ నవ్వి ఎనిమిదీ టైపు కొట్టాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ నా మీద కోపమొస్తుంది.

తర్వాత కొన్నాళ్లకు, శనగ నూర్పిళ్లు అయిపోతున్న రోజుల్లో, ఒకామె మా ల్యాబుకు వచ్చింది. ఆళ్లగడ్డ అవతల పల్లె. భర్త ఆటో తోలుతాడు, చేను పని అంతా ఈమెదే. చేను సొంతం కాదు, గుత్తకు చేస్తోంది, అంటే కౌలుకు. విసురుగా వచ్చి కార్డు నా బల్ల మీద కొట్టింది.

“ఇది మీరిచ్చిందేనా మేడం?”

కార్డు మాదే. కింద పొడి అక్షరాలు నావే. “భాస్వరం: చాలా ఎక్కువ. ఈ సంవత్సరం వేయనవసరం లేదు” అని ఉంది.

“మీరు వేయద్దంటిరి, నేను వేయలా. శనగ జానెడు లేవలా. కాయలు చూస్తే ఏడుపొస్తాది. సరే, నా కర్మ అనుకుంటి. ఇప్పుడు చేనాయన ఏమంటాండాడో తెలుసా? ‘నా చేన్లో సారముందని సర్కారే రాసిచ్చింది. సారమున్న చేన్లో పంట రాలేదంటే చేసేటోళ్లకు చేతగాలేదనే కదా’ అంటాండాడు. ఉగాదికి చేను వేరేవాళ్లకు ఇస్తాడంట. మాట్లాడుకున్యాడంట కూడా. నేను పండుకోని చేను పాడు చేసినానంట! మీ కార్డే నా మీద సాక్ష్యం చెప్తాంది మేడం. మీ కార్డు తప్పని మీరు రాసియ్యండి.”

“తప్పని నీకెట్లా తెలుసు?”

“చేను నాకు తెలీదా?” అంది. “మళ్లా మట్టి తెచ్చినా. ఇప్పుడే చూడండి, నా ముందరే.”

మట్టి తీసుకోవడం మా అటెండరు పని. పెద్దాయన, మంచి మనిషి. రైతు తెచ్చిన మట్టిని మా గుడ్డ సంచిలోకి వంచి, చీటీ కట్టి, వాళ్ల సంచి వాళ్లకు దులిపి ఇచ్చేస్తాడు. సంచి అంటే పల్లెలో దానికి నూరు పనులుంటాయి, ఎవరూ వదులుకోరు. అందుకని గుడ్డ సంచి నుంచి లోపలే నా పని, దానికి ముందు ఏం జరుగుతుందో నేను ఏనాడూ చూడలేదు. ఆరోజు తన ముందరే చూడాలని ఆమె పట్టుబట్టింది కాబట్టి లేచి బయటికి వచ్చి చూశాను. అటెండరు చేతిలో ఉన్నది డి.ఏ.పి. సంచి. భాస్వరం ఎరువు వచ్చే సంచి. కొత్తది, మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

“పోయినసారి కూడా ఇట్లాంటి సంచిలోనే తెచ్చినావా?” అన్నాను. 

“ఆ. కొత్తదే మేడం. దులిపినా, ఎండకేసినా. శుభ్రమైన సంచిలో తెమ్మని మీ కాగితంలోనే ఉండాది కదా. ఇంట్లో దీనికంటే శుభ్రమైంది ఏముండాది?”

ఆ కాగితం రాసింది కూడా నేనే. “మట్టిని శుభ్రమైన సంచిలో తేవలెను” అని మా నాయన మెచ్చుకునే తెలుగులో రాశాను. ఎరువుల సంచి వద్దని రాయలేదు. అంత మాత్రం తెలీదా అనుకున్నాను. ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఒక్క చిటికెడు ఎరువు పొడి అర కేజీ మట్టి లెక్కను తలకిందులు చేస్తుందని ల్యాబులో పనిచేసే నాకు తెలియాలి గానీ.

అటెండరు సంచి నేల మీద పెట్టాడు. “చానామంది ఇట్లాంటివాటిల్లోనే తెస్తారు మేడం” అన్నాడు మెల్లగా. “నేనెప్పుడూ చెప్పలా. మీరూ ఎప్పుడూ అడగల్యా.”

తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఉంది మా సంగతి. కానీ నా పిడికిలి అందరికంటే పెద్దదని లోపలికి పోయి పాత రిజిస్టరు తీశాక తెలిసింది. భాస్వరం పరీక్షలో గాజు గొట్టంలో నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. మామూలు చేని మట్టికి రానంత ముదురు రంగు వస్తే నేను నంబరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టేదాన్ని, మళ్లీ చేయాలని గుర్తు. ఆమె నంబరు పక్కన చుక్క ఉంది. మళ్లీ చేసినట్టు మాత్రం లేదు. ఆ ఎండాకాలం మట్టి సంచులు కప్పు దాకా పేరుకుని ఉన్నాయి, త్వరగా ముగించమని ఫోన్ల మీద ఫోన్లు. రేపు చేద్దామనుకుని ఉంటాను. ఆ రేపు రాలేదు. నాకు అనుమానం వచ్చింది, అయినా కార్డు మీద సంతకం పెట్టాను. ఆ పెన్సిలు చుక్క చూసి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు చాలాసేపు పోలేదు.

ఆమెను మళ్లీ మట్టి తెమ్మని పంపడానికి మనసొప్పలేదు. ఆదివారం ఆరాధన కాగానే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ల్యాబు గుడ్డ సంచి తీసుకుపోతే సర్కారు సొత్తు సొంత పనికి వాడానంటారని, ఇంట్లో ఉతికి పెట్టిన దిండు గలేబు ఒకటి సంచిలో వేసుకున్నాను. మూలన నేను కుట్టిన గులాబి పువ్వు ఉంటుంది దాని మీద.

నల్లరేగడి చేను, అప్పటికే నెర్రెలు బారుతోంది. ఆమె పార పట్టుకుని ఎదురుచూస్తోంది. పోయినసారి ఎట్లా తీసినావో అట్లే తీయి, చూస్తానన్నాను. గట్టు పక్కన తీయలేదు, చెట్టు కింద తీయలేదు, దిబ్బ దగ్గర తీయలేదు. చేనంతా తిరిగి జానెడు లోతు గుంటలు తీసి, అన్ని చోట్లా గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు వదిలేసి మళ్లీ కలిపింది. మా సిబ్బందే అంత ఒద్దికగా తీయరు. కాగితంలో ఉన్నవన్నీ ఆమె తు చ తప్పకుండా చేసింది. కాగితంలో లేనిది చేయలేకపోయింది.

నీడలో ఆరబెట్టిన ఆ మట్టిని నా చేతులతో నేనే పరీక్ష చేశాను. నీలం రంగు వచ్చిందా అని గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి చూడాల్సి వచ్చింది, అంత లేతగా ఉంది. ఆమె డి.ఏ.పి. సంచిలో తెచ్చిన మట్టిని పక్క గొట్టంలో చేస్తే మళ్లీ ముదురు నీలమే వచ్చింది. ఆ చేన్లో భాస్వరం ఎక్కువ కాదు, చాలా తక్కువ.

రిజిస్టరు, రెండు గొట్టాలు పట్టుకుని సార్ గదికి పోయి అంతా చెప్పాను. చుక్క సంగతి కూడా దాచలేదు.

సార్ రిజిస్టరు మూసి పక్కకు జరిపాడు. తర్వాత, “ఈ కాలంలో నమూనాలు తీసుకోవడం లేదు కదా మేడం. ఎండాకాలంలో ఇవ్వమనండి, కొత్త కార్డు ఇద్దాం” అన్నాడు.

“అప్పటికి ఉగాది అయిపోతుంది సార్. చేను పోతుంది.”

“ఒక్క కార్డు తప్పని రాసిస్తే రేపు అందరూ మన గుమ్మం ముందుంటారు.”

“ఉండనీండి. మట్టి వాళ్లది, పంట వాళ్లది. గుమ్మం ఒక్కటే మనది.”

“మీకింకా ఎన్నాళ్లుంది సర్వీసు?” అన్నాడు. గట్టిగా అనలేదు, మెత్తగానే అన్నాడు. నాకు అర్థమైంది. నేను వంగనని ఆయనకూ అర్థం కావాలి కదా, అందుకని చెప్పాను.

“ఉన్నన్నాళ్లూ పని చేస్తా సార్. ఇప్పుడు చేయబోయేది కూడా పనే. ఆ ఎనిమిది ప్రశ్నల కింద తొమ్మిదోది పెడుతున్నా. మీకు చెప్పకుండా చేసిందని రేపు అనొద్దు.”

“పెట్టొద్దు” అన్నాడు.

పెట్టాను. నా సొంత తెలుగులో, ‘వలెను’లూ ‘యొక్క’లూ లేకుండా రాశాను.

“ఈ ల్యాబు ఇచ్చిన కార్డు తప్పు కావచ్చునా? కావచ్చు. మీరు మట్టిని ఎరువుల సంచిలో తెచ్చి ఉంటే, అది ఎంత కొత్తదైనా, ఎంత తెల్లగా ఉన్నా, సంచికి అంటిన ఎరువు మట్టిలో కలుస్తుంది. కార్డులో పడేది ఆ ఎరువు లెక్క, మీ చేని లెక్క కాదు. ఇది మీ తప్పు కాదు. ఎరువుల సంచి వద్దని మేము మీకు చెప్పలేదు. రంగు చూసి అనుమానం వచ్చినా మేము మళ్లీ చూడలేదు. అట్లాంటి కార్డును నమ్మొద్దు. మట్టిని ఉతికిన నూలు గుడ్డలో మళ్లీ తెచ్చివ్వండి.”

కింద నా హోదా రాశాను. ఆ పేజీ ఆమె ఫోనుకు పంపి, “ఇది చేనాయనకు చూపించు” అన్నాను. సార్ ఆ పేజీ తెరిచి చూడలేదు. పెట్టొద్దన్నాక పెట్టే మనిషి ఉంటుందని ఆయన అనుకోలేదు.

ఉగాదికి ముందు ఆళ్లగడ్డ మార్కెట్ యార్డులో రైతుల సభ పెట్టారు. పెద్దాఫీసరు వచ్చాడు. ముందు వరసలో చేనాయన, తెల్ల బట్టల్లో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వెనక ఆడవాళ్లలో ఆమె. ఫోనులో చూపిస్తే “ఫోన్లలో ఎవరైనా ఏమైనా రాస్తారు” అని కొట్టిపారేశాడట ఆయన. నేను గోడ పక్కన నిలబడ్డాను.

సార్ తెర మీద బ్లాగు వేసి గొప్పగా చూపిస్తున్నాడు. శాలువాలు అయిపోయాయి. మట్టి అనగా నేమి వచ్చింది. ఎనిమిదీ చదివి, “మీ సందేహాలన్నిటికీ ఇక్కడే జవాబులున్నాయి” అన్నాడు.

ఆమె లేచింది. “తొమ్మిదోది గూడా చదువు సార్.”

“ఎనిమిదే ఉన్నాయమ్మా.”

“తొమ్మిది ఉండాయి సార్. కిందికి దించు.”

దించాడు. తొమ్మిదో ప్రశ్న అంతంత అక్షరాలతో తెర మీద పడింది.  ఎవరో ముసలాయన, “గట్టిగా చదువప్పా, మాకు కండ్లు ఆనవు” అని అరిచాడు. సార్ ప్రశ్న వరకు చదివి, పెద్దాఫీసరు వైపు చూసి, “ఇది... పొరపాటున వచ్చినట్టుంది” అన్నాడు.

“పొరపాటున రాలేదు సార్. నేనే రాసినా” అన్నాను.  తెర దగ్గరికి పోయి జవాబంతా చదివాను, ముసలాయనకు వినపడేటట్టు. తర్వాత సంచి సంగతి, గలేబు సంగతి, నా పెన్సిలు చుక్క సంగతి చెప్పాను.

చేనాయన కాలు దించాడు. “అంటే నా చేన్లో సారం లేదంటావా?”

“భాస్వరం తక్కువుంది. వేస్తే మీ చేను బ్రహ్మాండంగా పండుతుంది. వేయకపోయింది ఆమె సోమరితనం వల్ల కాదు. నేను వేయొద్దన్నాను కాబట్టి.”

“నోటి మాట ఎవురిక్కావాల? రాసియ్యి అట్లయితే.”

కార్డు ఆమె చేతిలోనే ఉంది. తీసుకుని అందరి ముందూ ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టాను. వెనకవైపు, “ఈ కార్డు తప్పు. తప్పు ల్యాబుది, సాగు చేసినామెది కాదు” అని రాసి నిండు సంతకం పెట్టి ఆయన చేతికే ఇచ్చాను. సర్కారు కాగితం మీద అట్లా రాసే అధికారం నాకు లేదు. తప్పు రాసే అధికారం ఉన్నప్పుడు దిద్దే అధికారం లేకపోవడమేందని ఆరోజూ అనుకున్నాను, ఈరోజూ అనుకుంటున్నాను.

సభలో గుసగుసలు మొదలైనాయి. “మాదీ ఆ సంచే మేడం” అని ఒకాయన చేయెత్తాడు. వెనక ఇంకొకాయన, పక్కన ఇద్దరు, కోయిలకుంట్ల నుంచి వచ్చిన వాళ్లు నలుగురు. మా సార్ దేనికి భయపడ్డాడో అదే జరిగింది. ఆకాశం మాత్రం ఊడి పడలేదు. పెద్దాఫీసరు కళ్లజోడు తుడుచుకుని, “వీళ్లందరి మట్టీ మళ్లీ తీసుకోండి” అని ఒక్క మాట అన్నాడు.

మెచ్చుకున్నారనుకోకండి. వారం తిరగకముందే సంజాయిషీ అడుగుతూ నాకు కాగితం వచ్చింది. ప్రశ్నలు, జవాబులు రాయడం నాకు అలవాటైంది కదా, సంజాయిషీ కూడా అట్లే రాశాను. “అనుమతి లేకుండా ఎందుకు రాశారు? అనుమతి అడిగాను, ఇవ్వలేదు కాబట్టి. చింతిస్తున్నారా? చింతిస్తున్నాను, చుక్క పెట్టి మళ్లీ చేయనందుకు.” అటెండరు అది చదివి, “ఇంత పొగరు పనికిరాదు మేడం” అంటూనే రిజిస్టర్లో ఎక్కించి పంపించాడు. నాకు హెచ్చరిక ఇచ్చారు. అది నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఉండనీ.

తొమ్మిదో ప్రశ్నను సార్ తీసేశాడు. ఉగాది వచ్చింది, పోయింది. ఆమె దగ్గర నుంచి కబురు లేదు. ఫోను చేయాలంటే నాకే ధైర్యం చాలలేదు. చేను పోయిందని చెబితే ఏమనాలి?

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆమె ల్యాబు గుమ్మంలో కనిపించింది. చేతిలో మడత పెట్టిన నా దిండు గలేబు, మళ్లీ మట్టి తేవడానికి సభ రోజు నేను ఆమెకిచ్చింది. మట్టి లేదు.

“చేను?” అన్నాను, రమ్మని కూడా అనకుండా.

“నాదే అక్కా. గొణుక్కుంటా గొణుక్కుంటా ఇచ్చినాడు. ఈసారి ఎరువు ఆయనే తెప్పిస్తాడంట, సారం లేదనిపించుకోలేడంట.” మొట్టమొదటిసారి నన్ను అక్కా అంది.  ఆ తర్వాత ఆమె గలేబు నా ముందు పెట్టింది. “మట్టి దీంట్లోనే తేవాలనుకున్నా. సబ్బు పొడి వేసి ఉతికినా. ఉతికినాక అనుమానమొచ్చె. ఆ సబ్బు పొడి మట్టికంటుకోని కార్డు మళ్లా తప్పొస్తాదేమోనని నింపలా. అడిగి పోదామని వచ్చినా. నింపచ్చా?”

ఒక్క మాట అడగడానికి అంత ఎండలో బస్సెక్కి వచ్చింది. కొన్ని సబ్బు పొడుల్లో భాస్వరం ఉంటుంది. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు గానీ, మా సార్‌కు గానీ, మా పైవాళ్లకు గానీ తట్టలేదు. “ఉతికిన నూలు గుడ్డ” అని రాశాను గానీ దేనితో ఉతకాలో మళ్లీ రాయలేదు నేను. గలేబును ల్యాబు కుళాయి కింద మంచినీళ్లతో మూడుసార్లు జాడించి, వరండాలో ఆరేశాం. ఆరేదాకా ఆమె అటెండరు దగ్గర కూర్చుని ఏ సంచి యాడ వాడకూడదో ఆయనకు చెప్తోంది.

నేను కంప్యూటరు ముందు కూర్చుని ఆమె అడిగింది ఆమె మాటల్లోనే తొమ్మిదో ప్రశ్నగా టైపు కొట్టాను, కింద జవాబు రాశాను. ఆ పేజీలో ఒక రైతు నిజంగా అడిగిన ప్రశ్న అదొక్కటే. సార్ నా వెనక నిలబడి చదివాడు. తీసేయమనలేదు. ఆయన గదిలోకి పోయాక, దాని కిందనే, తీసేసిన పాత తొమ్మిదోదాన్ని పదోదిగా మళ్లీ పెట్టాను.